పనితనం దాచుకోని మెకానిక్

పెడల్ తగిలించిన కడ్డీని, అంటే క్రాంకును, యాక్సిల్‌కి పట్టి ఉంచే కాటర్ పిన్ను కొట్టేటప్పుడు క్రాంకు కింద గట్టి ఊతం పెట్టుకోమని ఏ సైకిల్ మెకానిక్కైనా చెబుతాడు. పెట్టకపోతే ఏమవుతుందో చెప్పేవాళ్ళు తక్కువ. ఊతం లేకుండా కొడితే సుత్తి దెబ్బ పిన్ను దగ్గర ఆగదు. యాక్సిల్ మీదుగా బాల్స్‌కి, బాల్స్ నుంచి అవి తిరిగే కప్పుకి దిగుతుంది. బాలు ఆనిన చోట కప్పులో ఆవగింజలో సగమంత గుంట పడుతుంది. ఆ తర్వాత ఎంత గ్రీజు పెట్టినా, కప్పు ఎన్నిసార్లు బిగించి వదులు చేసినా, క్రాంకు తిప్పుతుంటే ఒకచోట తట్టుతూనే ఉంటుంది. పిన్ను మార్చడంతో పోవాల్సిన పని కప్పులు మార్చేదాకా వెళ్తుంది.

షెల్డన్ బ్రౌన్ అనే అమెరికా సైకిల్ మెకానిక్ చెప్పే తీరు ఇది. ఫలానాది చెయ్యండి అని ఊరుకోరు. చెయ్యకపోతే ఏ భాగం ఏ దారిన చెడుతుందో కూడా చెబుతారు. ఆ రెండో మాట తెలిసినవాడికి మూడోసారి మెకానిక్‌తో పని ఉండదు. షాపులో కూర్చున్న మనిషి దాచుకోవాల్సింది సరిగ్గా ఆ రెండో మాటనే. ఆయన దాచుకోలేదు.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వెస్ట్ న్యూటన్‌లో, హారిస్ సైక్లరీ అనే షాపులో పనిచేసేవారు. 1944 జూలై 14న పుట్టారు. 2008 ఫిబ్రవరి 4న గుండెపోటుతో పోయారు. గుబురు గడ్డం, హెల్మెట్ నెత్తిన గద్ద బొమ్మ: ఆయన ఫొటో ఒక్కటి చూసినవాళ్ళు కూడా మళ్ళీ గుర్తుపడతారు. సైకిల్‌కి సంబంధించి తనకు తెలిసిందంతా, పాత కాటర్ పిన్నుల దగ్గర్నుంచి కొత్త గేర్ల దాకా, ఎవరైనా ఉచితంగా చదువుకునేలా రాసిపెట్టారు. అందులో పాత ఇంగ్లిష్ సైకిళ్ళంటే ఆయనకు ప్రత్యేకమైన మమకారం. రాడ్ బ్రేకులు, కాటర్ క్రాంకులు, నిటారుగా కూర్చోబెట్టే హ్యాండిల్ ఉన్న ఆ సైకిళ్ళ పోలికే మన పాల సైకిళ్ళలోనూ కనిపిస్తుంది కాబట్టి, ఆయన రాసినవి మనకు పరాయివిగా అనిపించవు.

కాటర్ పిన్ను సంగతి పూర్తి చేద్దాం. అదొక ఇనుప చీల, ఒక పక్క ఏటవాలుగా చెక్కి ఉంటుంది. ఆ ఏటవాలు ముఖం యాక్సిల్ మీదున్న చదును గాడికి ఆనుతుంది. ఇంగ్లిష్ సైకిళ్ళకి 9.5 మి.మీ. పిన్ను, ఫ్రెంచివాటికి ఎక్కువగా 9 మి.మీ. అర మిల్లీమీటరే కదా అని 9.5 రంధ్రంలో 9 పిన్ను వేస్తే, బిగుతు రాకముందే మర మొత్తం అవతలికి వచ్చేస్తుంది. అందరూ చేసే పొరపాటు ఇంకొకటి ఉంది, నట్టు బిగించి పిన్నును లోపలికి లాగాలనుకోవడం. ఆ సన్నటి మరకి అంత బలం లేదు, తెగిపోతుంది. పిన్నును లోపలికి దించాల్సింది ప్రెస్సు. అది లేకపోతే సుత్తి. నట్టు పని కేవలం కాపలా, పిన్ను వెనక్కి రాకుండా చూడడం. సుత్తితో కొట్టి చూస్తే అప్పటిదాకా బిగుతుగా ఉన్న నట్టు వేళ్ళతో తిరిగేంత వదులవుతుంది. మళ్ళీ బిగించాలి, మళ్ళీ కొట్టాలి, నట్టు ఇక వదులు కానప్పుడు పిన్ను కూర్చున్నట్టు లెక్క. కొద్ది దూరం తొక్కాక ఇంకోసారి చూసుకోవాలి, ఎందుకంటే తొక్కుడు బరువుకి పిన్ను ముఖం గాడికి ఇంకాస్త సర్దుకుంటుంది. ఆ రెండోసారి చూడకుండా వదిలేసిన పిన్నులోనే మెట్టు పడి, క్రాంకు టక్కు టక్కుమనడం మొదలవుతుంది.

తీసేటప్పుడు నట్టును పూర్తిగా విప్పెయ్యకూడదు. పిన్ను కొసకి సమంగా వచ్చేదాకా వదులు చేసి ఉంచితే మరకి రక్ష. ఊతానికి పనికొచ్చేది దళసరి ఇనుప గొట్టం ముక్క. నేల నుంచి క్రాంకు దాకా సరిపోయేలా కోసి, పిన్ను తల గొట్టం బోలులోకి వచ్చేలా నిలబెట్టాలి. అప్పుడు దెబ్బ గొట్టం మీదుగా నేలలోకి పోతుంది, బాల్స్ జోలికి రాదు. ముందు రోజే తుప్పు వదిలించే నూనె చుక్కలు వేసి ఉంచితే ఇంకా మంచిది. చిన్న సుత్తితో యాభై దెబ్బలు కొట్టేకన్నా బరువైన సుత్తితో ఒక్క గట్టి దెబ్బ మేలు. చిన్న దెబ్బలకి పిన్ను కొస పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, విచ్చుకున్నది ఇక రంధ్రంలోంచి దూరదు, తొలచాల్సిందే. ఇక బిగించేటప్పుడు రెండు పిన్నులూ ఎదురెదురు దిక్కుల్లో ఉండాలి. ఒకవైపు నట్టు పైకి చూస్తుంటే రెండోవైపు నట్టు కిందికి చూడాలి. రెండూ ఒకే దిక్కుకి పెడితే పెడల్స్ ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా రావు, ఒక కాలు తొందరపడుతున్నట్టు ఉంటుంది.

పెడల్ మర గురించి ఆయన చెప్పిన వివరణ ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఎడమ పెడల్‌కి ఎదురు మర ఉంటుందని సైకిల్ విప్పినవాళ్ళందరికీ తెలుసు. ఎందుకని అడిగితే చాలామంది, పెడల్ తిరిగే రాపిడికి మర ఊడకుండా అంటారు. కాస్త ఆలోచిస్తే అది తిరగబడిన జవాబని తెలుస్తుంది. సైకిల్ ముందుకి పోతున్నప్పుడు క్రాంకుతో పోలిస్తే పెడల్ వెనక్కి తిరుగుతుంది. రాపిడే కారణమైతే ఇప్పుడున్న మర రెండు పక్కలా ఊడే దిక్కులోనే ఉంది! అసలు కారణాన్ని పెన్సిల్‌తో చూడొచ్చు. పిడికిలిలో పెన్సిల్‌ను వదులుగా పట్టుకోండి. రెండో చేత్తో దాని కొసను గడియారం ముల్లు దిక్కులో గుండ్రంగా ఊపండి. పిడికిలిలో పెన్సిల్ తన చుట్టూ తాను ఎదురు దిక్కులో మెల్లగా తిరుగుతుంది. పెడల్ యాక్సిల్‌కీ ఇదే జరుగుతుంది. మర ఎంత బిగుతుగా ఉన్నా వెంట్రుకవాసి ఖాళీ ఉంటుంది. కాలి బరువు ప్రతి చుట్టులో యాక్సిల్‌ను ఆ ఖాళీ అంచు చుట్టూ దొర్లిస్తుంది. బాల్స్ రాపిడి కన్నా ఈ దొర్లుడు బలం ఎన్నో రెట్లు ఎక్కువ, దిక్కు దానికి ఎదురు. అందుకే కుడికి మామూలు మర, ఎడమకి ఎదురు మర.

దిక్కు గుర్తుండకపోతే ఒక ఉపాయం ఉంది. పానా పిడి నిట్టనిలువుగా పైకి ఉండేలా పెట్టి వెనక చక్రం వైపు లాగితే రెండు పెడల్స్ కూడా ఊడతాయి. ముందుకి నెడితే రెండూ బిగుస్తాయి. బిగించే ముందు మరకి కొంచెం గ్రీజు తప్పనిసరి. అల్యూమినియం క్రాంకులో పొడిగా బిగించిన ఉక్కు పెడల్ కొన్నేళ్ళకి క్రాంకు మరను తనతోపాటు ఊడబెరుక్కుని వస్తుంది.

క్రాంకు యాక్సిల్ కప్పుల్లోనూ ఇదే సూత్రం, దిక్కు మాత్రం తిరగబడుతుంది. ఇంగ్లిష్ పద్ధతిలో కప్పు మర 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు, కుడి కప్పుకి ఎదురు మర. ఇటాలియన్ పద్ధతిలో 36 మి.మీ., రెండు పక్కలా మామూలు మరే. అందుకే ఇటాలియన్ సైకిళ్ళలో కుడి కప్పు తనంతట తాను వదులవుతుందన్న పేరుంది. ఫ్రెంచి కొలత 35 మి.మీ., అదీ రెండు పక్కలా మామూలే. ర్యాలీ కంపెనీ మాత్రం ఇంగ్లండులోనే ఉండి తన సైకిళ్ళకి వేరే మర పెట్టుకుంది, అంగుళానికి 26 చుట్లు. పాత ర్యాలీకి బజారులో దొరికే 24 చుట్ల కప్పు తెచ్చి బలవంతంగా ఎక్కిస్తే రెండు మూడు చుట్లు ఎక్కినట్టే ఎక్కి ఫ్రేము మరను నాశనం చేస్తుంది. పాత కప్పు పారేసే ముందు మర లెక్కపెట్టమని అందుకే ఆయన పోరు.

టైరు సైజుల విషయంలో ఆయన పెట్టిన నియమం చదివితే నవ్వొస్తుంది, కానీ అక్షరాలా నిజం. రెండు టైర్ల మీద ఉన్న సైజులు లెక్క ప్రకారం ఒకటే అయి, ఒకదాని మీద దశాంశంలోనూ రెండోదాని మీద భిన్నంలోనూ రాసి ఉంటే, ఆ రెండూ ఒకదాని బదులు ఒకటి పనికిరావు. 26 × 1.5 అని ఉన్న టైరు 559 మి.మీ. రిమ్ముకి పడుతుంది. 26 × 1 1/2 అని ఉన్నది 584కి. ఒకటిన్నర అంటే ఒకటిన్నరే, అయినా తేడా 25 మి.మీ.! అదే 26 అంగుళాల పేరుతో 26 × 1 3/8 అనేది 590 రిమ్ముది, 26 × 1 1/4 అనేది 597ది. 26 అన్నది ఒకప్పుడు గాలి నింపిన టైరు బయటి కొలత. టైరు లావు మారేకొద్దీ రిమ్ము మారింది, పేరు మాత్రం మారలేదు.

కాబట్టి అంగుళాల అంకె చూడొద్దు. టైరు పక్కన 37-590 లాంటి జంట అంకె వెతకాలి. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ములో టైరు అంచు కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లే. టైరు పడుతుందా లేదా అన్నది ఆ రెండో అంకే తేలుస్తుంది. రాడ్ బ్రేకుల పెద్ద సైకిల్‌కి వేసే 28 × 1 1/2 టైరు మీద 40-635 ఉంటుంది. 700సి అన్నా, తర్వాత వచ్చిన 29 అంగుళాలన్నా 622 మి.మీ. మాత్రమే. అంటే 29 అని పిలిచే రిమ్ము, 28 అని పిలిచే మన పాత రిమ్ము కన్నా చిన్నది. 27 × 1 1/4 టైరుకి 630, దాన్ని 622 రిమ్ముకి ఎక్కిస్తే సులువుగా ఎక్కుతుంది, ఆ సులువే ప్రమాదం. గాలి నిండాక 8 మి.మీ. వదులు వల్ల టైరు అంచు దాటి ట్యూబు బయటికి ఉబ్బి పేలుతుంది.

టైర్ల దగ్గరే ఇంకో మాట. వానలో జారకుండా ఉండాలంటే టైరు మీద గాళ్ళు ఉండాలని అందరి నమ్మకం. కారుకి అది నిజం. సైకిల్ టైరు సన్నం, గాలి ఒత్తిడి ఎక్కువ, వేగం తక్కువ. రోడ్డుకీ టైరుకీ మధ్య నీటి పొర నిలవడం సైకిల్ వేగంలో జరగని పని. తారు రోడ్డు మీద నున్నటి టైరుకే పట్టు ఎక్కువ. గాళ్ళు బురదలోనూ ఇసుకలోనూ పనికొస్తాయి. మరి కంపెనీలు రోడ్డు టైర్లకి గాళ్ళు ఎందుకు వేస్తాయంటే, నున్నటి టైరు చూసి కొనేవాళ్ళు భయపడతారు కాబట్టి.

చైను సాగింది అంటాం. ఇనుప పలక సాగేది కాదు. పిన్ను చుట్టూ ఉన్న మెటల్ అరిగి ప్రతి కీలులో కొద్దికొద్దిగా వదులు పుడుతుంది, అన్నీ కలిసి చైను పొడుగైనట్టు కనిపిస్తుంది. సైకిల్ చైనులో పిన్నుకీ పిన్నుకీ మధ్య సరిగ్గా అర అంగుళం, కాబట్టి 24 పిన్నులు దాటితే సరిగ్గా 12 అంగుళాలు. కొలవడానికి ఉక్కు స్కేలు చాలు. చైను బిగువుగా ఉండగా ఒక పిన్ను నడిమధ్య మీద స్కేలు సున్నా గీత పెట్టి, 12 అంగుళాల గీత దగ్గర చూడాలి. అక్కడి పిన్ను గీత మీదే ఉంటే కొత్త చైనుతో సమానం. 1/16 అంగుళం దాటితే చైను మార్చాలి, పళ్ళు ఇంకా బాగానే ఉంటాయి. 1/8 అంగుళం దాటిందంటే ఆలస్యమైపోయింది, ఫ్రీవీల్ కూడా మార్చుకోవాల్సిందే. పొడుగైన చైను పళ్ళ మీద పైకెక్కి కూర్చుంటుంది, బరువంతా ఒకటి రెండు పళ్ళ మీద పడి అవి కొక్కేల్లా అరుగుతాయి. అలా అరిగిన పళ్ళ మీద కొత్త చైను వేస్తే గట్టిగా తొక్కినప్పుడల్లా ఎగురుతుంది. చాలామంది అప్పుడు కొత్త చైనును తిడతారు.

గేరు లేని సైకిల్‌కి చైను బిగువు పెట్టేటప్పుడు ఒక్కచోటే చూసి వదిలెయ్యకూడదు. చైన్ వీల్ ఏదీ నిఖార్సుగా గుండ్రంగా ఉండదు. పెడల్ నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పి, చైను అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోట ఆపి, అక్కడ కూడా కొంచెం వదులు ఉండేలా చక్రాన్ని సర్దాలి. వదులున్న చోట సర్దితే బిగువు చోటుకి వచ్చేసరికి బాల్స్ నలుగుతాయి. చక్రాన్ని వెనక్కి జరపడానికి రెండు నట్లూ ఒకేసారి విప్పితే అది చెప్పిన మాట వినదు. ఒక నట్టు బిగించి ఉంచి రెండోవైపు కొంచెం వెనక్కి, అది బిగించి ఇటువైపు కొంచెం వెనక్కి, ఇలా అడుగులో అడుగు వేయించాలి.

ఇక బ్రేకు. ముందు బ్రేకు నొక్కితే బోర్లా పడతావని ప్రతి పిల్లాడికీ చెప్పి పెంచుతాం. ఈ ఒక్క విషయంలో ఆయన లోకంతో గట్టిగా విభేదించారు, లెక్క ఆయన పక్షానే ఉంది. బ్రేకు పడుతున్నకొద్దీ బరువు ముందు చక్రం మీదికి వాలుతుంది, వెనక చక్రం తేలికవుతుంది. సైకిల్ ఎంత త్వరగా ఆగగలదో అంత త్వరగా ఆగే క్షణంలో వెనక చక్రం నేల వదలబోతూ ఉంటుంది. దాని మీద బరువే లేనప్పుడు దాని బ్రేకు దేన్ని పట్టుకుంటుంది? పొడి రోడ్డు మీద త్వరగా ఆగాలంటే ఆపేది ముందు బ్రేకే. మరి జనం బోర్లా పడుతున్నారు కదా అంటే, ఎక్కువసార్లు సైకిల్ తిరగబడి కాదు. సైకిల్ ఆగుతుంది, మనిషి ఆగడు. చేతులు గట్టిగా ఆనించి, ఒంటిని వెనక్కి పట్టి ఉంచకపోతే తొడలు హ్యాండిల్‌కి తగిలి మనిషే సైకిల్‌ను లేపేస్తాడు.

అలవాటు చేసుకోవడానికి ఖాళీ చోట, నెమ్మదిగా పోతూ రెండు బ్రేకులూ నొక్కండి, ముందుదాన్ని ఎక్కువగా, క్రమంగా పెంచుతూ. వెనక చక్రం జారడం మొదలైందంటే దాని మీద బరువు పోయిందని కబురు. వెంటనే ముందు బ్రేకు కొంచెం వదలాలి. ఆ కబురు వేలికి తెలిసిపోయాక వెనక బ్రేకుతో అవసరం తగ్గిపోతుంది. వెనక బ్రేకు వాడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. తడి, ఇసుక ఉన్న చోట వాడాలి, ఎందుకంటే వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు గానీ ముందుది జారితే పడ్డట్టే. గతుకుల్లో వాడాలి, గాల్లోకి లేచిన ముందు చక్రం బ్రేకుకి బిగుసుకుని నేలకి తాకితే చాలా ప్రమాదం. ముందు టైరు పంక్చరైనప్పుడూ అంతే, గాలి లేని టైరు బ్రేకు లాగుడుకి రిమ్ము మీద నుంచి జారిపోవచ్చు. ఇనుప రిమ్ము సైకిళ్ళకి మరో చిక్కు ఉంది. క్రోము పూత మీద నీళ్ళు పడితే రబ్బరు పట్టు దాదాపు పోతుంది, ముందైనా వెనకైనా. రిమ్మును అల్యూమినియంకి మార్చడమే దానికి మందు.

గేర్ల లెక్కలో ఆయన తెచ్చిన కొత్త కొలతకి గెయిన్ రేషియో అని పేరు పెట్టారు. పాత కొలత అంగుళాల్లో ఉండేది, పెద్ద ముందు చక్రం సైకిళ్ళ నాటిది. చక్రం వ్యాసాన్ని పళ్ళ నిష్పత్తితో గుణించేవాళ్ళు. అందులో క్రాంకు పొడుగుకి చోటు లేదు. ఈయన చక్రం వ్యాసార్థాన్ని క్రాంకు పొడుగుతో భాగించి, తర్వాత పళ్ళ నిష్పత్తితో గుణించమన్నారు. చక్రం వ్యాసార్థం 340 మి.మీ., క్రాంకు 170 మి.మీ., ముందు 44 పళ్ళు, వెనక 18 అనుకోండి. 340ని 170తో భాగిస్తే 2, దాన్ని 44/18తో గుణిస్తే 4.89. పాదం ఒక అడుగు కదిలితే సైకిల్ 4.89 అడుగులు కదులుతుందని అర్థం. క్రాంకు 165 అయితే అదే సైకిల్‌కి 5.04 వస్తుంది, అంటే కాస్త బరువు. పాత లెక్కలో రెండూ ఒకటే. అంగుళాలతోనూ మీటర్లతోనూ పనిలేని కొలత ఇది. అయినా ప్రపంచం ఇంకా పాత అలవాటునే పట్టుకుని ఉంది, ఎందుకో!

వెనక చక్రం నడిమి డబ్బాలోనే, అంటే హబ్బులోనే, గేర్లు ఇమిడి ఉండే మూడు గేర్ల స్టర్మీ-ఆర్చర్ హబ్బు మీద ఆయన ప్రేమ వేరు. ఎ.డబ్ల్యు. అనే రకంలో మధ్య గేరు నేరుగా ఉంటుంది, కిందిది దాంట్లో 75 శాతం, పైది 133 శాతం. ఇందులో చెడేది చాలా తక్కువ, సర్దుబాటు తప్పడమే ఎక్కువ. గేరును రెండులో పెట్టి, కుడి నట్టులో ఉన్న కిటికీ లోంచి చూడాలి. చైనులాంటి చిన్న గొలుసు తగిలించిన కడ్డీ భుజం యాక్సిల్ కొసకి సమంగా ఉండాలి. ముందుకో వెనక్కో ఉంటే తీగ దగ్గరి మర తిప్పి సర్దాలి. సర్దకుండా తొక్కితే రెండుకీ మూడుకీ మధ్య ఏ గేరూ పట్టని ఒక ఖాళీ చోటు ఉంది. నిలబడి తొక్కుతుండగా హబ్బు ఆ ఖాళీలో పడితే పెడల్ ఒక్కసారిగా గాల్లో కూరుకుపోతుంది. నొప్పి ఎక్కడ తగులుతుందో చెప్పక్కర్లేదు. నూనె మూత ఉన్న హబ్బుల్లో అప్పుడప్పుడూ కొన్ని చుక్కల పల్చటి నూనె వేస్తే చాలు, దశాబ్దాలు నడుస్తాయి.

ఎక్కడిదో తెలియని చప్పుడు వెతకడంలో ఆయన పద్ధతి వైద్యుడి నాడి పరీక్షలాంటిది. తొక్కడం ఆపి సైకిల్‌ను దొర్లనివ్వండి. చప్పుడు ఆగితే అది క్రాంకు, పెడల్, చైను వైపుది. ఆగకపోతే చక్రాలది. తొక్కుతున్నప్పుడే వస్తుంటే సీటు మీద నుంచి లేచి తొక్కండి. అప్పుడు ఆగిపోతే సీటో, సీటు గొట్టమో. పెడల్ ఒక చుట్టుకి ఒకసారి వస్తే క్రాంకు వైపు, రెండు మూడు చుట్లకి ఒకసారి వస్తే చైనులో బిగుసుకున్న కీలు. క్రాంకు యాక్సిల్ కప్పులు పోయాయని విప్పిన సైకిళ్ళలో పెడల్ మర పొడిగా ఉండడమే అసలు కారణమైనవి బోలెడు.

చివరి ఏళ్ళలో మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఆయన కాళ్ళను, తూకాన్ని మెల్లమెల్లగా లాగేసుకుంది. రెండు చక్రాల మీద నిలవలేనప్పుడు మూడు చక్రాల వాలు సైకిల్ తొక్కారు. ఏటా ఏప్రిల్ 1న నిజమైన సాంకేతిక వ్యాసంలా గంభీరంగా మొదలయ్యే అబద్ధపు వ్యాసాలు రాయడం ఆయనకు సరదా. ఆయన పోయాక ఆ రాతల్ని జాన్ అలెన్ చూసుకుంటూ, కొత్త భాగాలు వచ్చినప్పుడల్లా సవరిస్తూ వచ్చారు.

ఆయన రాసినవాటిలో అన్నిటికన్నా ఎక్కువమంది చేతుల్లో పనిగా మారింది చక్రం అల్లడం. 36 స్పోకులు చూసి బెదిరిపోయేవాళ్ళకి ఆయన దాన్ని నాలుగు తొమ్మిదులుగా విడగొట్టి ఇచ్చారు. వెనక చక్రం, కుడివైపుతో మొదలు. మొదటి స్పోకు హబ్బు పళ్ళెంలోకి బయటి నుంచి దూరుతుంది, తల బయట ఉంటుంది. రిమ్ములో గాలి వాల్వు రంధ్రం పక్కనే దాని చోటు. హబ్బులో ఒక రంధ్రం వదిలి ఒకటి, రిమ్ములో మూడు వదిలి నాలుగోది, ఇలా తొమ్మిది స్పోకులు. ఇక్కడ ఆగి లెక్క సరిచూసుకోవాలి, ఇక్కడి తప్పు చివరిదాకా వెంటాడుతుంది. చక్రం తిరగేస్తే ఎడమ పళ్ళెం రంధ్రాలు కుడివాటికి ఎదురుగా ఉండవు, మధ్యమధ్యలో ఉంటాయి. ఒక స్పోకును యాక్సిల్‌తో సమానంగా దూర్చి చూస్తే తేడా కనిపిస్తుంది. ఎడమ తొమ్మిది అయ్యాక హబ్బును చేత్తో పట్టి తిప్పితే స్పోకులన్నీ ఒక దిక్కుకి వాలుతాయి. అప్పుడు లోపలి నుంచి బయటికి దూరే స్పోకులు. ఒక్కొక్కటీ తన పక్క మూడింటిని దాటాలి, మొదటి రెండింటికి బయటి నుంచి, మూడోదానికి లోపలి నుంచి.

స్పోకు కొసను రిమ్ముకి పట్టే నట్లు నిపుల్స్. వాటి మరకి నూనె ముందే పెట్టాలి. మర కనబడకుండా పోయేదాకా అన్నీ సమంగా తిప్పి, ఆ తర్వాత అన్నిటికీ ఒకే కొలతన అర చుట్టు, అర చుట్టు పెంచుతూ పోవాలి. రిమ్ము ఎడమకి వంగితే అక్కడ కుడి స్పోకులు బిగించాలి. ఎత్తుపల్లం ఉంటే కుడి ఎడమ జంటను కలిపి తిప్పాలి, లేకపోతే ఎత్తు తగ్గి వంకర పుడుతుంది. ఏ క్షణంలో ఏ తప్పు ఎక్కువగా కనబడుతుందో దాన్నే ముందు పట్టుకోవాలి. స్పోకు తనతోపాటు మెలితిరుగుతుంది కాబట్టి నిపుల్‌ను కావలసిన దానికన్నా కొంచెం ఎక్కువ తిప్పి వెనక్కి రావాలి. అలా చెయ్యని చక్రం మొదటిసారి ఎక్కి తొక్కగానే పింగ్ పింగ్‌మని మెలికలు విడిచి మళ్ళీ వంకరపోతుంది. చివర్లో సమాంతరంగా ఉన్న స్పోకుల్ని జంటలుగా పిడికిట్లో గట్టిగా నొక్కుతూ చక్రం చుట్టూ రావాలి. హబ్బు దగ్గర స్పోకు వంగే మోచేయిలో ఇంకా సర్దుకోని లోహం అప్పుడు సర్దుకుంటుంది. అది చెయ్యని చక్రంలో స్పోకులు కొన్నాళ్ళకి ఒక్కొక్కటే ఆ మోచేయి దగ్గరే విరుగుతాయి.

ఇన్నీ సరిగ్గా చేసి, మొదటి స్పోకును ఒక్క రంధ్రం పక్కకి వేసినా చక్రం బాగానే తిరుగుతుంది, అంతే బలంగానూ ఉంటుంది. వాల్వు మాత్రం సమాంతర స్పోకుల మధ్య ఖాళీలో కాక రెండు స్పోకులు కలుసుకునే ఇరుకులో పడుతుంది. ఆ చక్రం ఉన్నన్నాళ్ళూ గాలి కొట్టడానికి కూర్చున్న ప్రతివాడి వేళ్ళూ, పంపు మూతీ అక్కడ ఇరుక్కుంటూనే ఉంటాయి.